వోల్టేజి పెంచే ముందు వేడి చూడండి

ప్రశ్న: మాది జంషెడ్‌పూర్‌, కద్మా. నా ఐ5-12600కె ప్రాసెసర్‌ను 1.40 వోల్టులతో 5 గిగాహెర్ట్జ్‌కు పెంచాను. జనవరిలో బాగానే నడిచింది. మే వచ్చేసరికి వీడియో రెండరింగ్ మధ్యలో రీస్టార్ట్ అవుతోంది. వోల్టేజి ఇంకా పెంచాలా?

జవాబు: వద్దండీ, తగ్గించి చూడండి. ఒకే వేగం దగ్గర కరెంటు ఖర్చు సుమారుగా వోల్టేజి వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 1.25 నుంచి 1.40కి వెళితే దాదాపు 25 శాతం అదనం, అదంతా వేడే. మీ ఊళ్లో మే ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. గది ఎంత వేడెక్కితే చిప్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. 100 డిగ్రీల దగ్గర ఈ ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. పైగా మితిమీరిన వోల్టేజి చిప్‌ను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. 2024లో 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌ల అస్థిరతకు ఇంటెల్ చూపిన కారణం అదే.

బయోస్‌లో వేగం 4.8కి దించి, 1.25 వోల్టులతో మొదలుపెట్టండి. ఓసీసీటీ సాఫ్ట్‌వేర్‌తో స్థిరత్వ పరీక్ష గంటసేపు నడపండి. తప్పులు చూపితే 0.01 వోల్టు చొప్పున పెంచండి. లోడ్ పడ్డప్పుడు వోల్టేజి కాస్త జారడం సహజం. ఆ జారుడును సరిచేసే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను మధ్యస్థంగానే ఉంచండి. గరిష్ఠంలో పెడితే లోడ్ తగ్గిన క్షణాన వోల్టేజి ఎగదన్నుతుంది.

85 డిగ్రీలు దాటకుండా పరీక్ష నెగ్గిన వేగమే మీ హద్దు. చివరి పరీక్ష మిట్టమధ్యాహ్నం, ఏసీ ఆపి చేయండి. అప్పుడూ రీస్టార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్‌ను, ర్యామ్ ఎక్స్‌ఎంపీ సెట్టింగ్‌ను అనుమానించండి.