కళాశాల నెట్‌వర్క్ – ఉమ్మడి సంపద

ఉద్దేశం: కళాశాలలోని కంప్యూటర్ నెట్‌వర్క్ పనితీరును తెలిపి, ఉమ్మడి వనరును బాధ్యతతో వాడుకొనే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం.

పాఠం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు మెట్టభూములు. వానలు తక్కువ, రాతినేల ఎక్కువ. అందుచేత పూర్వులు పడిన చినుకును నిలిపి వాడుకొనడం నేర్చుకొన్నారు. ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేటట్లు గొలుసుకట్టుగా చెరువులు నిర్మించారు. నల్లగొండ చెంతనున్న పానగల్లులోని ఉదయసముద్రం కందూరు చోడుల కాలపు చెరువు. చెరువు ఊరందరిది. ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడానికి నీరటి ఉండేవాడు. తూము దగ్గరి రైతు కాలువకు అడ్డుకట్ట వేసుకొంటే చివరి మడి ఎండిపోతుంది. కళాశాలలోని కంప్యూటర్ నెట్‌వర్క్‌ను అర్థం చేసుకొనడానికి ఈ ఏర్పాటు చక్కని ఉపమానం.

గ్రంథాలయం నుండి నెట్‌వర్క్ వరకు

ఒకచోటి జ్ఞానాన్ని పదిచోట్లకు చేర్చాలన్న తపన ఈ నేలకు కొత్త కాదు. నిజాం పాలనలో తెలుగు చదువుకు ఆదరణ కరవైన రోజులలో, 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం వెలసింది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుండి ‘నీలగిరి’ పత్రికను వెలువరించారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. 1934లో 354 మంది తెలంగాణ కవుల రచనలను ‘గోలకొండ కవుల సంచిక’గా ప్రకటించారు. విడివిడిగా ఉన్న రచనలు ఒకచోట కూడినప్పుడు వాటి బలం లోకానికి తెలిసింది.

విడివిడిగా ఉన్న కంప్యూటర్లను కలపడంలోని ప్రయోజనమూ ఇదే. మన దేశంలో విద్యాసంస్థల కంప్యూటర్లను అనుసంధానించే ప్రయత్నం 1986లో ‘ఎర్నెట్’ పేరుతో మొదలైంది. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. నల్లగొండలో 2007లోను, మహబూబ్‌నగర్‌లో 2008లోను విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. అవే నేటి మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు. 2009లో కేంద్రప్రభుత్వం ఒక జాతీయ మిషన్‌ను చేపట్టి, విశ్వవిద్యాలయాలను, కళాశాలలను ఇంటర్నెట్‌తో కలపడం దాని లక్ష్యాలలో ఒకటిగా నిర్ణయించింది. 2010లో వచ్చిన ‘ఎన్‌-లిస్ట్’ పథకం కళాశాలలకు పరిశోధన పత్రికలను, గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో అందించసాగింది. 2017లో ‘స్వయం’ వేదిక ద్వారా దూరాన ఉన్న ఆచార్యుల పాఠాలు కూడా అందుబాటులోకి వచ్చాయి.

తెలంగాణలో 2016లో డిగ్రీ ప్రవేశాలకు ‘దోస్త్’ పేరుతో ఆన్‌లైన్ విధానం వచ్చింది. దరఖాస్తుకు గడువు ఉంటుంది. ఇంటిలో కంప్యూటర్ లేని విద్యార్థికి, తండాలోనో మారుమూల పల్లెలోనో సిగ్నల్ సరిగా అందని విద్యార్థికి కళాశాల ప్రయోగశాలే ఆధారం. అక్కడ నెట్‌వర్క్ స్తంభిస్తే అతనికి నష్టమయ్యేది వినోదం కాదు, చదువుకొనే అవకాశం.

పనిచేసే తీరు

ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటర్ నుండి ఒక తీగ ‘స్విచ్’ అనే పరికరానికి వెళ్తుంది. స్విచ్‌లు, సర్వర్ కలిసినది కళాశాల లోపలి నెట్‌వర్క్. దానిని బయటి ఇంటర్నెట్‌తో కలిపేది ‘రౌటర్’. పంపే సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. ప్రతి పొట్లంపైన పంపినవారి, అందుకొనేవారి చిరునామాలు అంకెల రూపంలో ఉంటాయి. రౌటర్ ఆ చిరునామా చూసి దారి చూపుతుంది. చెరువు దగ్గర నీరటి చేసే పనివంటిదే ఇది.

కాలువ వెడల్పును బట్టి నీరు పారినట్లు, ‘బ్యాండ్‌విడ్త్’ను బట్టి సమాచారం ప్రవహిస్తుంది. ఒక కళాశాలకు సెకనుకు 10 మెగాబిట్ల లైను ఉన్నదనుకొందాం. 40 మంది ఒకేసారి వాడితే ఒక్కొక్కరికి దక్కేది సెకనుకు పావు మెగాబిట్ మాత్రమే. ఒక విద్యార్థి 700 మెగాబైట్ల సినిమాను దించుకొన్నాడనుకొందాం. ఒక బైటుకు 8 బిట్లు కనుక అది 5,600 మెగాబిట్లు. మొత్తం లైను అతనికే వదిలినా 560 సెకన్లు, అంటే తొమ్మిది నిమిషాలకు పైగా పడుతుంది. అంతసేపూ మిగిలిన 39 మంది చివరి మడి రైతులే.

అంతే పరిమాణం గల పాఠాన్ని అధ్యాపకుడు ఒక్కసారి దించి కళాశాల సర్వర్‌లో ఉంచితే పరిస్థితి మారుతుంది. లోపలి నెట్‌వర్క్ వేగం సెకనుకు 100 మెగాబిట్లయితే ఒక విద్యార్థికి అది 56 సెకన్లలో చేరుతుంది. బయటి లైనుపై భారం పడదు. వాననీటిని చెరువులో నిలిపి వాడుకొనడం వంటిదే ఈ పద్ధతి. అయితే ఒక భేదం ఉన్నది. వాడిన నీరు తరిగిపోతుంది. చదివిన పాఠం తరగదు. ఇక్కడ కొరత దారికే కాని జ్ఞానానికి కాదు.

వినియోగ మర్యాద

నెట్‌వర్క్‌లో ప్రవేశించడానికి ప్రతి విద్యార్థికి ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఇస్తారు. పాస్‌వర్డ్ ఇంటి తాళంచెవి వంటిది. స్నేహంకొద్దీ దానిని ఇతరులకు ఇస్తే, వారు చేసిన తప్పు ఇచ్చినవారి పేరున నమోదవుతుంది. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడడం సమాచార సాంకేతిక చట్టంలోని 66-సి సెక్షన్ ప్రకారం నేరం. దానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

పని ముగియగానే లాగౌట్ చేయాలి. తెరచి వదిలిన ఖాతా తలుపు వేయని ఇల్లు. పెన్‌డ్రైవ్‌ను వైరస్ పరీక్ష చేయకుండా వాడకూడదు. ఒక యంత్రానికి సోకిన వైరస్ నెట్‌వర్క్ ద్వారా మిగిలినవాటికి పాకుతుంది. పెద్ద ఫైళ్లను రద్దీ లేని వేళలో దించుకోవాలి. దరఖాస్తులకు చివరి రోజులలో అవసరమున్నవారికి ముందుగా చోటు ఇవ్వాలి.

చెరువు పూడిక తీయడానికి ఊరంతా కదిలివచ్చిన రోజులు ఉన్నాయి. నీరు అందరిదైనప్పుడు కట్టను కాపాడే బాధ్యత కూడా అందరిదే. కళాశాల నెట్‌వర్క్‌కు కూడా ఇదే నీతి వర్తిస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

అలుగు = చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే కట్టడం
తూము = చెరువు నుండి కాలువకు నీరు వదిలే మార్గం
నీరటి = పొలాలకు నీరు పంచే గ్రామ సేవకుడు
అనుసంధానించు = కలుపు

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గొలుసుకట్టు చెరువులకు, కంప్యూటర్ నెట్‌వర్క్‌కు గల పోలికలను, భేదాన్ని వివరించండి.
2. కళాశాల నెట్‌వర్క్ వినియోగంలో పాటించవలసిన మర్యాదలను తెలపండి.

ఆ. కింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘గోలకొండ కవుల సంచిక’ ప్రస్తావన ఈ పాఠంలో ఎందుకు వచ్చింది?
2. 20 మెగాబిట్ల లైనుపై 700 మెగాబైట్ల ఫైలు దిగడానికి ఎంత సమయం పడుతుంది? ఎలా లెక్కించారు?

ఇ. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఇక్కడ కొరత దారికే కాని జ్ఞానానికి కాదు.
2. తెరచి వదిలిన ఖాతా తలుపు వేయని ఇల్లు.

ఈ. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
1. గ్రంథాలయం 2. విద్యార్థి