ఉన్నంతలో గృహశోభ

గృహాలంకరణం అనగానే చలువరాతి నేలలు, అద్దాల బీరువాలు, ఖరీదైన తెరలు మన కన్నుల ముందు మెదలుతాయి. అలంకారం సంపన్నుల సొత్తు అనీ, సామాన్యునికి అందని మానిపండు అనీ ఒక అపోహ సమాజంలో వేళ్ళూనుకొన్నది. దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. తమ ఇల్లు చూస్తే ఏమనుకొంటారో అని స్నేహితులను గడప దాకా రానీయని విద్యార్థులు ఉన్నారు. బంధువుల ముందు చిన్నబోరాదని వాయిదాల మీద సోఫాలు, షోకేసులు కొని, వాయిదాలు తీరక మునుపే వాటి మెరుగు పోవడం చూచి నిట్టూర్చే గృహస్థులూ ఉన్నారు. ఇంటి సొగసు డబ్బు కంటె చేతిపనికీ, ఎన్నికకూ ఎక్కువగా లొంగుతుందని తెలిస్తే ఈ రెండు బాధలూ చాలవరకు తగ్గుతాయి.

మన పూర్వులు గృహాలంకరణాన్ని విద్యగా పరిగణించారు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరవైనాలుగు కళలలో బియ్యంతోను, పూలతోను నేలపై ఆకృతులు తీర్చడం ఒకటి. పూలు పరచడం ఒకటి. పడకను అమర్చడం మరొకటి. వీటిలో దేనికీ ధనాగారం అక్కరలేదు. కాకతీయుల కాలపు ఓరుగల్లును కన్నులకు కట్టే 'క్రీడాభిరామం'లో మాచలదేవి చిత్రశాల ప్రసక్తి వస్తుంది. అది వైభవానికి గుర్తు. అయితే, చిత్రశాల లేని కోట్లాది ఇండ్ల ముంగిళ్ళలో ప్రతి ఉదయమూ ఒక చిత్రం వెలుస్తూనే వచ్చింది. పేడనీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి, గీత కలిపి తీర్చే ముగ్గు అది. పేరులేని ఆ చిత్రకారిణుల చిత్రాలను సాయంకాలానికి కాళ్ళు చెరిపివేసేవి. మరునాడు మరొకటి పుట్టేది.

పూతలపట్టు పరిసరాలలోని ఒక సామాన్య గృహాన్ని ఊహించుకొందాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల ఒక గది. అదే పడసాల, అదే పడకగది, పరీక్షల రోజులలో అదే పఠనమందిరం. అందులో ఒక ఇనుప మంచం, టి.వి. బల్ల, కుట్టుమిషను, వేరుసెనగ మూటలు, గోడమీద ఒకే మేకుకు వ్రేలాడే నాలుగేండ్ల క్యాలెండర్లు. కాలం గడచినా కాగితం కదలదు! ఈ గదికి ముందుగా కావలసినది క్రొత్త వస్తువు కాదు, ఖాళీ. జపానువారి సంప్రదాయ గృహాలలో 'తొకొనొమ' అనే గూడు వంటి స్థలం ఉంటుంది. అందులో ఒక చిత్రపటం, ఒక పూలకుండీ మాత్రమే ఉంచి, ఋతువును బట్టి వాటిని మారుస్తారు. చుట్టూ ఖాళీ ఉండడం వల్లనే ఆ ఒక్క పువ్వూ కంటికి ఆనుతుంది. మన పాత మిద్దెల గోడలలోనూ దీపపు గూళ్ళు ఉండేవి. ఇప్పుడు వాటిలో మందుసీసాలు, పగిలిన దువ్వెనలు కాపురం ఉంటున్నాయి. మూటలు మంచం క్రిందికి, పాత క్యాలెండర్లు పుస్తకాల అట్టలకు చేరితే, గది పైసా ఖర్చు లేకుండా రెండడుగులు పెరిగినట్లుంటుంది.

తరువాతిది వెలుతురు. దీనికి సున్నాన్ని మించిన చౌక సాధనం లేదు. సున్నపురాళ్ళను నీటిలో తడిపితే అవి కుతకుతలాడి, విరిగి, పిండి అవుతాయి. ఆ తేటను గుడ్డతో వడగట్టి, గోడకు పట్టుకొనేందుకు కొద్దిగా తుమ్మబంక, తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు కలుపుతారు. గోడకు పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయివలె గట్టిపడుతుంది. తెల్లని గోడ చిన్న కిటికీ నుండి వచ్చిన వెలుతురును గది నిండా పంచుతుంది. ఆ వెల్లనే మిద్దెపైన పూస్తే చిత్తూరు సీమ వేసవిలో ఎండను కొంతవరకు తిప్పి పంపుతుంది. గోడ అడుగున జానెడు మేర ఎర్రమన్ను పట్టీ తీర్చడం మన పల్లెల అలవాటు. అది అందానికే కాదు. కాలి మరకలు, చీపురు గీతలు కనబడకుండా కాపాడే ఉపాయం కూడ. సున్నం ఉడికేటప్పుడు దగ్గరకు వంగరాదు, కంటిలో చుక్క పడితే చూపుకే ప్రమాదం.

తెరల విషయం సులభం. ఒక పాతచీర ఇంచుమించు ఐదున్నర మీటర్లు ఉంటుంది. రెండు వాకిళ్ళకు తెరలు కుట్టగా, కిటికీకి సరిపడ ముక్క మిగులుతుంది. అంచు ఎటూ ఉన్నది గనుక వేరే అలంకారం వేయనక్కరలేదు. చిరిగిన చీరలు బొంతలవుతాయి. మామిడి తోటల నడుమ నివసించే మన ప్రాంతంవారు ప్లాస్టిక్ తోరణాలు కొని కట్టడం మాత్రం నాకు ఎన్నటికీ అర్థం కాని వింత.

ఇంతవరకు చెప్పినవి ఇంటిలోనివారి చేతిపనులు. డబ్బు ఖర్చు పెట్టవలసి వస్తే ఎక్కడ పెట్టాలి? పూతలపట్టు నుండి తిరుపతి మీదుగా నాయుడుపేటకు పోయే దారిలోనే శ్రీకాళహస్తి ఉన్నది. అక్కడి కలంకారీ కళాకారులు నేతబట్టను కరక్కాయ కషాయం, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. వెదురు పుల్లకు చుట్టిన నూలులోగాని, ఉన్నిలోగాని రంగును నింపి, చేత్తో బొమ్మలు గీస్తారు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానవేసి పులియబెట్టగా వచ్చిన కసిమి కరక్కాయ పట్టిన బట్టపై నల్లని గీతగా మారుతుంది. పటిక పూసినచోట ఎరుపు నిలుస్తుంది. అద్దకానికీ ఉతుకుకూ పారేనీరు కావలసిన ఈ కళను స్వర్ణముఖి పెంచి పోషించింది. ఆదరణ లేక క్షీణించిన ఈ విద్యకు కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి కృషి వలన 1950ల చివర శిక్షణ లభించి మరల ఊపిరి వచ్చింది. ఈ విద్యలో పేరెన్నికగన్న జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. యంత్రంపై అచ్చువేసిన నకలు గజాలకొద్దీ కొనడం కంటె, చేత్తో గీసిన జేబురుమాలంత ముక్కను కొని చట్రం కట్టించడం మేలు. పలమనేరు ప్రాంతపు కుమ్మరుల మట్టి బొమ్మలు, శ్రీకాళహస్తి చేరువలోని మాధవమాల కొయ్యబొమ్మలు కూడ మన దగ్గరివే.

కొనే బొమ్మ ఎటువంటిదై ఉండాలి? విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఈ ప్రశ్నను ఏనాడో విచారించింది. శృంగార, హాస్య, శాంత రసాల చిత్రాలు గృహాలకు తగినవని ఆ గ్రంథం చెబుతుంది. అలసి ఇల్లు చేరినవాని ఎదుట యుద్ధభూమిని నిలపకూడదన్న లోకజ్ఞత అందులో ఉన్నది.

ఇంటి గోడ ఇంటికే అన్నం పెట్టిన సందర్భమూ ఒకటి ఉన్నది. బీహారులోని మిథిల ప్రాంతపు స్త్రీలు పెండ్లిండ్లకు, పండుగలకు తమ మట్టిగోడలపై బొమ్మలు వేసుకొనేవారు. 1960ల నడుమ అక్కడ దారుణమైన అనావృష్టి కలిగినప్పుడు, అఖిల భారత హస్తకళల మండలిలో ఉన్న పుపుల్ జయకర్ చొరవతో భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుడు ఆ పల్లెలకు వెళ్ళి, అవే బొమ్మలను కాగితంపై వేయవలసిందిగా వారిని ప్రోత్సహించాడు. ఆ కాగితాలు అమ్ముడుపోయాయి. వారిలో జగదంబాదేవికి 1975లోను, సీతాదేవికి 1981లోను పద్మశ్రీలు లభించాయి. తమ గోడను తాము అలంకరించుకోవడం తెలియకపోతే ఆ స్త్రీలకు ఈ జీవనోపాధి సాధ్యమయ్యేదే కాదు.

చివరిగా ఒక మాట, విశేషించి అబ్బాయిలకు. ముగ్గు అమ్మది, కసవు ఊడ్చడం అక్కది, బాగున్నదని మెచ్చుకోవడం మాత్రం తనది అనుకొనే కొడుకులు మన ఇండ్లలో తక్కువేమీ కాదు. సున్నపు బిందె బరువైనది. నిచ్చెన ఎక్కి పైగోడకు కూచి అందించడం శ్రమతో కూడినది. రెండు పనులూ మీరు చేయగలవే. ఆదివారం వెల్ల వేయదలిస్తే, శనివారం సాయంకాలమే పెద్దల సమక్షంలో రాళ్ళు తడిపి, పశువులకు, పిల్లలకు అందనిచోట మూతపెట్టి ఉంచండి.