కరగడానికే పోసే దిమ్మ

సముద్రపు నీటితో నడిచే రిఫైనరీ కూలర్ మూత విప్పితే మూడు లోహాలు ఒకేచోట కనబడతాయి. నీళ్ళు పారే సన్నటి ట్యూబులు రాగి-నికెల్ మిశ్రమం. వాటి కొనలు బిగించిన మందపాటి పలక, అంటే ట్యూబ్‌షీట్, నేవల్ ఇత్తడి. నీళ్ళు వచ్చి చేరే చానల్ బాక్సు మామూలు ఉక్కు. ఉప్పునీటిలో సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ పెట్టి కొలిస్తే ఉక్కు మైనస్ 0.6 వోల్టుల దగ్గర, రాగి-నికెల్ మైనస్ 0.2 దగ్గర నిలుస్తాయి. రెండూ తాకుతూ ఒకే నీటిలో మునిగి ఉంటే ఈ తేడా కరెంటుగా పారుతుంది, ఉక్కు కరుగుతుంది. ఒక్క ఆంపియరు ఏడాది పారితే పోయే ఇనుము 9 కిలోల పైమాటే. ఆ కరుగుడును తన మీద వేసుకోవడానికి మైనస్ 1.03 వోల్టుల జింకు దిమ్మను బాక్సులో బిగిస్తారు. దీన్నే శాక్రిఫిషియల్ యానోడ్ అంటారు.

ముందు లెక్క. నీళ్ళు తగిలే బాక్సు గోడలు, ట్యూబ్‌షీట్ ముఖం కలిపి 4 చదరపు మీటర్లు అనుకుందాం. చదరపు మీటరుకు 150 మిల్లీ ఆంపియర్ల చొప్పున 0.6 ఆంపియర్లు కావాలి. రెండేళ్ళకు, అంటే 17,520 గంటలకు, అది 10,512 ఆంపియర్-గంటలు. కిలో జింకు ఇచ్చేది 780. చివరి తునకలు పట్టీ మీద నిలవకుండా రాలిపోతాయి కాబట్టి అందులో 85 శాతమే నమ్ముతారు. తేలేది దాదాపు 16 కిలోలు. మూడేసి కిలోల దిమ్మలు ఆరు పెడితే కాస్త మిగులు కూడా ఉంటుంది. జింకు కిలో 280 రూపాయలనుకుంటే ఆరింటి లోహం ఖర్చు 5 వేలు.

ఈ దిమ్మలు పోసే ఫౌండ్రీకి 99.995 శాతం శుద్ధమైన జింకు 25 కిలోల కడ్డీలుగా వస్తుంది. నాలుగు కడ్డీలను ముందు కొలిమి గట్టు మీద పేర్చి వేడెక్కనిస్తారు. కాస్త తడి ఉన్న కడ్డీ కరిగిన లోహంలో పడితే చాలు, ఆ లోహం చివ్వున ఎగజిమ్ముతుంది.

కరిగించేది గ్రాఫైట్ మూసలో. జింకు 419 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఇనప బాండీ కూడా ఆ వేడికి ఆగుతుంది. కానీ కరిగిన జింకు ఇనుమును తినేస్తుంది. ఈ దిమ్మలో ఇనుము 0.005 శాతం మించకూడదు, అంటే 100 కిలోల్లో 5 గ్రాములు. అది దాటితే దిమ్మ మీద గట్టి పొర కట్టి, కరగాల్సింది కరగకుండా మొరాయిస్తుంది. అందుకే మేస్త్రి కలియబెట్టేది కూడా గ్రాఫైట్ కడ్డీతోనే.

లోహం 480 డిగ్రీలకు వచ్చాక 300 గ్రాముల అల్యూమినియం పడుతుంది. అల్యూమినియానికి ఆ వేడి చాలదు, అది కరగాలంటే 660 డిగ్రీలు కావాలి. కాబట్టి ముందే జింకుతో కలిపి పోసిపెట్టుకున్న ముక్కల రూపంలో వేస్తారు. మిగిలిన కొద్దిపాటి ఇనుమును అది పట్టి ఉంచుతుంది. తర్వాత 50 గ్రాముల కాడ్మియం. ఇది ఉంటే కరిగిన చోట పేరుకునే పొర మెత్తబడి రాలిపోతుంది. కాడ్మియం పొగ విషం. మాస్కు వేసుకుని, పొగ లాగే గొట్టం కిందే ఈ పని చేస్తారు. పాల మీద మీగడలా తేలిన తెట్టును గరిటెతో అంచుకు నెట్టి తీసేస్తారు. చిన్న నమూనా పోసి స్పెక్ట్రోమీటరు కింద పెడతారు. అంకెలు సరిపోతేనే అచ్చులు తెరుస్తారు.

అచ్చు పోత ఇనుముది: 150 మిల్లీమీటర్ల పొడవు, 80 వెడల్పు, 35 లోతు. తేమ లేకుండా 120 డిగ్రీల దాకా వేడిచేసి ఉంచుతారు. మధ్యలో గాల్వనైజ్ చేసిన ఉక్కు పట్టీ. రెండు కొనలూ బయటికి వస్తాయి, బోల్టు రంధ్రాలు అక్కడే. జింకుకూ బాక్సుకూ మధ్య కరెంటు పారే లోహపు దారి ఈ పట్టీ ఒక్కటే కాబట్టి, నూనె మరక కనబడితే పక్కన పడేస్తారు.

పోత ఆగకుండా ఒకే ధారగా సాగాలి. చల్లబడేకొద్దీ జింకు కుంచించుకుపోయి నడుమ గుంట పడుతుంది. పైభాగం ఇంకా మెత్తగా ఉండగానే మేస్త్రి కొంచెం పోసి ఆ గుంట నింపుతాడు. ఆలస్యమైతే రెండో పోత మొదటిదానితో అతకదు, పొరగా ఊడుతుంది. 100 కిలోలకు ముప్ఫై పైచిలుకు దిమ్మలు దిగుతాయి. ఒక్కోదాన్నీ తూచి, పట్టీకీ జింకుకూ మధ్య నిరోధం కొలుస్తారు.

రిఫైనరీలో దిమ్మలు బిగించే పని షట్‌డౌన్‌లోనే. పర్మిట్ వచ్చి, గ్యాస్ పరీక్ష అయ్యాక బాక్సులోకి దిగుతారు. మొదటి పని రంగు. ఉక్కుకు మాత్రమే ఎపాక్సీ వేసి ఇత్తడిని వదిలేయడం ప్రమాదం. రంగులో సూదిమొన చిల్లు పడినా, పెద్ద ఇత్తడి ముఖం లాగే కరెంటంతా ఆ ఒక్క చుక్క ఉక్కు మీదే పడి గోడ తూటు పడుతుంది. అందుకే ట్యూబ్‌షీట్‌కూ రంగు వేస్తారు, ట్యూబుల నోళ్ళు మూసుకోకుండా.

దిమ్మ కూర్చునే స్టడ్డుల చుట్టూ గ్రైండరుతో మెరిసేదాకా గీకుతారు. పట్టీ పెట్టి, పళ్ళున్న వాషరు వేసి నట్టు బిగిస్తారు. మల్టీమీటరు ఒక మొన జింకు మీద, ఒకటి బాక్సు మీద, 0.1 ఓమ్ దాటితే విప్పి మళ్ళీ గీకాల్సిందే. నట్టు మీద ఎపాక్సీ పూస్తారు కానీ జింకు ముఖం మీద చుక్క పడనివ్వరు. పెయింటరు చివరి టచప్‌కు వచ్చేలోపు ఆరు దిమ్మలకూ టేపు చుట్టి, పని కాగానే లెక్కపెట్టి ఊడదీస్తారు. రంగు పడిన జింకు ఉన్నా లేనట్టే.

రెండేళ్ళకు మూత విప్పాక దిమ్మలను కడిగి తూచుతారు. మూడు కిలోల్లో కిలో చిల్లర మిగిలితే మళ్ళీ ఆరే. ఉక్కు పట్టీ బయటపడితే ఈసారి ఎనిమిది. తూకం ఏమాత్రం తగ్గకపోతేనే ఫోర్‌మన్ మొహం మారుతుంది: అల్ట్రాసోనిక్ గేజ్ తెప్పించి బాక్సు గోడ మందం చూడమంటాడు.