ఎల్.ఇ.డి. దీపము - దాని ఆయుర్దాయము

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని తెలుగువారి సామెత. 'చిరాగ్ తలే అంధేరా' అని ఉర్దూ లోకోక్తి. మొదటిది దీపమునకు ఆయువు పరిమితమని హెచ్చరిస్తున్నది. రెండవది మన చెంతనే ఉన్న విషయమును మనము గమనించలేమని ఎత్తిచూపుతున్నది. మన ఇండ్లలో వెలుగుతున్న ఎల్.ఇ.డి. బల్బును గూర్చి ఆలోచించినప్పుడు ఈ రెండు మాటలూ సత్యమేనని తోస్తుంది.

సాహిత్యము బోధించే వానికి విద్యుద్దీపముల ప్రసక్తి ఎందుకని విద్యార్థులు ప్రశ్నించవచ్చును. ఇందుకు కారణము చైతన్యపురిలో నేను అద్దెకుంటున్న ఇంట్లో జరిగిన చిన్న సంఘటన. ఒకే రోజున, ఒకే దుకాణములో, ఒకే రకమైన తొమ్మిది వాట్ల బల్బులు రెండు కొన్నాను. పెట్టెపై 25,000 గంటలని ముద్రించి ఉన్నది. ఒకదానిని హాలులో గాలి తగిలే చోట, రెండవదానిని వసారాలో మూతబడిన గాజు గోళములో అమర్చాను. రోజుకు అయిదు గంటల చొప్పున వెలిగిన వసారా బల్బు పధ్నాలుగు నెలలకే ఆరిపోయినది. అనగా అది రెండు వేల గంటలకు కొంచెము పైగా మాత్రమే బ్రతికినది. హాలులోని దాని తోబుట్టువు నేటికీ వెలుగుతూనే ఉన్నది. గ్యారంటీ ఉన్నదని దుకాణమునకు వెళ్ళాను గాని, రసీదు దాచుకోనందున వట్టి చేతులతో తిరిగి వచ్చాను. ఈ తేడాకు కారణమేమని భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి తెలుసుకున్న విషయములే ఈ వ్యాసమునకు ఆధారము.

పాత దీపముల కథ

తీగె బల్బు ఆయువు సుమారు వెయ్యి గంటలు. ఈ సంఖ్య కేవలము ప్రకృతి నిర్ణయము కాదు. 1924లో జెనీవాలో ప్రపంచములోని ప్రముఖ బల్బుల కంపెనీలు ఫీబస్ అను కూటమిగా ఏర్పడి, బల్బు వెయ్యి గంటలకు మించి మన్నరాదని కట్టడి చేసుకున్నవి. అయితే తీగె బల్బుకు దీర్ఘాయువు ఊరకే లభించదన్నదీ నిజమే. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రములో 1901 నుండి ఒక బల్బు వెలుగుతున్నది గాని, దాని కాంతి నేడు మిణుకుమిణుకుమనే నాలుగు వాట్ల పాటిది. దీపము మీద భారము తగ్గిస్తే ఆయువు పెరుగుతుంది, వెలుగు తరుగుతుంది.

నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించినది. ఆ నీలి కాంతి నుండియే ఇంటికి పనికివచ్చే తెల్లని వెలుగు సాధ్యమైనది. ఆ ఏడాదే గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలలో ప్రభుత్వ పథకము క్రింద ఈ బల్బుల పంపిణీ ఆరంభమైనది. 2015 జనవరి 5న దేశవ్యాప్తముగా మొదలైన పథకమునకు 'ఉజాలా' అని పేరు వచ్చినది. మన ఉర్దూ విద్యార్థులకు ఆ మాటకు అర్థము చెప్పనక్కరలేదు. 2014లో 310 రూపాయలున్న ప్రభుత్వ కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. ఈ పథకము ద్వారా 36 కోట్లకు పైగా బల్బులు ఇండ్లకు చేరినవి.

25,000 గంటలనగా ఏమి?

రోజుకు అయిదు గంటల లెక్కన 25,000 గంటలు అనగా పదమూడున్నర సంవత్సరములు దాటుతుంది. కాని ఈ సంఖ్య ప్రతి బల్బుకూ ఇచ్చిన హామీ కాదు. ఎల్.ఇ.డి. సాధారణముగా ఒక్కసారిగా ఆరదు, క్రమముగా మసకబారుతుంది. దాని కాంతి తొలినాటి కాంతిలో నూటికి డెబ్బది వంతులకు పడిపోయే కాలమును ఆయుర్దాయమని వ్యవహరిస్తారు. అదియును సగటు లెక్కయే. సగము దీపములు అంతకు ముందే ఆ స్థితికి చేరవచ్చును.

పైగా అన్ని గంటలూ వెలిగించి చూచి ఈ సంఖ్యను వేయడము లేదు. సాధారణముగా ఎల్.ఇ.డి. ముక్కను కనీసము 6,000 గంటలు, అనగా 250 రోజులు పరీక్షించి, కాంతి తరిగే తీరును బట్టి మిగిలినది గణిస్తారు. ఆ పరీక్ష ముక్కకే గాని యావత్తు బల్బుకు కాదు. ఇక్కడనే అసలు కిటుకు ఉన్నది.

మరణమునకు కారణము వేడిమి

ఇంటికి వచ్చేది ఏకాంతర విద్యుత్తు. ఎల్.ఇ.డి.కి కావలసినది ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పు చేసేది బల్బు అడుగున ఉండే డ్రైవరు. అందులోని కెపాసిటరు లోపలి ద్రవము వేడికి మెల్లగా ఇంకిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయువు సగమవుతుందని ఇంజనీర్ల స్థూల సూత్రము. మూసిన గోళములో గాలి ఆడదు. అందునా మన హైదరాబాదు వేసవి నలుబది డిగ్రీలు దాటుతుంది. మా వసారా బల్బుకు కలిగిన గతికి ఇదే ముఖ్య కారణమని మిత్రులు చెప్పారు. వోల్టేజి ఆటుపోట్లు కూడా డ్రైవరును దెబ్బతీస్తాయి. ఇక చాలా బల్బులలో ఎల్.ఇ.డి. ముక్కలు ఒకే వరుసలో కలుపబడి ఉంటాయి. గొలుసులో ఒక్క కడియము తెగినట్లు, ఒక్క ముక్క చెడితే బల్బంతా ఆరిపోతుంది. తక్కువ ముక్కలతో ఎక్కువ వెలుగు రాబట్టే చౌక బల్బులలో ఈ ప్రమాదము అధికము.

గ్యారంటీ కాలమును గూడ లెక్కించి చూడండి. రెండేండ్ల గ్యారంటీ అనగా రోజుకు అయిదు గంటల చొప్పున 3,650 గంటలు. తయారీదారు తన సొమ్ము పందెము కాసేది ఆ మేరకే. మిగిలినది ఆశ.

మన కర్తవ్యము

ఇంతమాత్రమున ఈ దీపమును నిందించరాదు. అరువది వాట్ల తీగె బల్బు స్థానములో తొమ్మిది వాట్ల బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగితే, ఏడాదికి సుమారు 93 యూనిట్లు ఆదా. రెండేండ్లకే ఆరిపోయినా అది తన ఖరీదును తీర్చియే పోతుంది. అయినను పేద కుటుంబమునకు ప్రతి రూపాయీ లెక్కయే. కావున బల్బు కొన్ననాడే దాని మెడమీద తేదీ వ్రాయండి. రసీదు భద్రపరచండి. వాట్లతో పాటు ల్యూమెన్ల సంఖ్యను, భారతీయ ప్రమాణముల గుర్తును చూడండి. మూసిన గోళములలో అమర్చకండి.

కళాశాల కార్యవర్గము వారికి ఒక మనవి. గ్రంథాలయములోని బల్బు ఆరితే మారుస్తాము గాని, మసకబారితే గమనించము. కాంతి నూటికి ముప్పది వంతులు తరిగినా, అది ఏండ్ల తరబడి జరుగుతున్నందున కంటికి తెలియదు. ఇంట చోటు లేక సాయంకాలము ఇక్కడ కూర్చుని చదువుకునే పిల్లలు మనకు ఉన్నారు. బల్బులు అమర్చిన తేదీలను ఒక రిజిస్టరులో వ్రాయించి, ఏడాదికొకసారి కొత్త బల్బుతో పోల్చి చూపిస్తే వ్యయము స్వల్పము, మేలు అధికము.

దీపము ఆరినప్పుడు అందరూ చూస్తారు. అది తరిగిపోతున్నప్పుడు చూడగలగడమే విద్య.