“మావాడు చాలా తెలివైనవాడు ఫాదర్!”

పూజ ముగిశాక గుడిముందు తల్లిదండ్రులు తరచు అనే మాట ఇది. ప్రక్కనే పిల్లవాడు తల వంచుకొని నిలబడతాడు. ఆ మాట వాడికి బలమా, బరువా?

అమెరికాలో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ఒక పరిశోధన ప్రచురించారు. ఐదవ తరగతి పిల్లలచేత కొన్ని చిక్కుప్రశ్నలు చేయించి, కొందరిని “తెలివైనవారు” అనీ, మరికొందరిని “బాగా కష్టపడ్డారు” అనీ మెచ్చుకొన్నారు. తరువాత కఠినమైనవి ఇస్తే అందరూ తడబడ్డారు. మళ్ళీ సులువైనవి ఇచ్చినప్పుడు కష్టపడ్డారనిపించుకొన్నవారు ముందుకంటె బాగా చేశారు. తెలివైనవారనిపించుకొన్నవారు ముందుకంటె తగ్గిపోయారు. పైగా వీరిలో మూడవవంతుకు మించి తమ మార్కులు పెంచి చెప్పుకొన్నారు! తెలివైనవాడన్న పేరు పోతుందేమోనన్న భయం అబద్ధం ఆడించింది.

బిడ్డల గుండె క్రుంగేలా చేయవద్దని పునీత పౌలుగారు కొలొస్సీయులకు వ్రాసింది (3:21) తిట్లను గురించే అనుకొనేవాణ్ణి. పొగడ్త కూడా ఆ పని చేయగలదు కాబోలు. సత్యోపదేశం తరగతిలో చురుకైనవారినే లేపి మెచ్చుకొన్న గురువును నేనూ!

కనుక తల్లిదండ్రులారా, బిడ్డ లెక్కల్లో తప్పి వచ్చిననాడు “నీ తెలివి ఏమైంది?” అనకండి. ప్రక్కన కూర్చొని, “ఏ లెక్క దగ్గర ఆగిపోయావు నాన్నా?” అని అడగండి. ఆ లెక్క మీకు రాకపోయినా ఫరవాలేదు.