తప్పు అమ్మ వంటది కాదు

సైనిక్‌పురి

చిరంజీవి అమ్మలుకు,

మునగాకు, బెల్లం పెడుతున్నా నాన్నకు రక్తం పట్టడం లేదని, అమ్మ సరిగా చూడటం లేదేమోనని రాశావు. ఆ మాట అమ్మ చెవిన పడనీయకు. మన ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బెందుకొస్తోందో ఇంకా తేలలేదు గాని, వచ్చాక రక్తమెందుకు తగ్గుతుందో తెలిసిన సంగతే. ఇక్కడ మా కాలనీలో సాయంత్రాలు నాతో నడిచే రిటైర్డు సుబేదారుదీ ఇదే కథ. ముందు షుగరు, తర్వాత కిడ్నీ, ఇప్పుడు నాలుగడుగులకే ఆయాసం.

ఎర్ర కణాలు తయారుచెయ్యమని ఎముక మూలుగకు కబురంపే ఎరిత్రోపొయిటిన్ హార్మోను పుట్టేది ఎక్కువగా కిడ్నీలోనే. కిడ్నీ చెడితే ఆ కబురు అందదు. నాన్నకిచ్చే ఇంజక్షన్ అందుకే. అయితే ఇంజక్షన్ పడ్డాక మూలుగ పని అందుకుంటుంది, ఐరన్ ఇంకా ఎక్కువ అడుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. కాలేయం చేసే హెప్సిడిన్ అనే హార్మోను కిడ్నీ బాగుంటే మూత్రంలో పోతుంది. నాన్నకు ఒంట్లోనే పేరుకుంటోంది. జబ్బుతో లోపల రగిలే ఇన్‌ఫ్లమేషన్ దాన్ని ఇంకా పెంచుతుంది. అది పేగుల్లోంచి ఐరన్‌ను రక్తంలోకి రానివ్వదు, కాలేయంలో దాచుకున్నదాన్నీ కదలనివ్వదు. మా యూనిట్లో స్టోరు నిండా సరుకున్నా స్టోర్‌కీపరు తాళం తియ్యకపోతే జవాన్లు ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లు, అలాగన్నమాట. కాబట్టి రిపోర్టులో, దాచుకున్న ఐరన్ లెక్క చెప్పే ఫెరిటిన్ బాగుందని మురిసిపోకు, ఇన్‌ఫ్లమేషన్ వల్లా అది పెరుగుతుంది. మూలుగకు అందే ఐరన్ సంగతి చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ చూడు. 20 శాతానికి దిగువనుంటే ఐరన్ నరానికి ఎక్కించాలా అని డాక్టరునడుగు.

పోయే రక్తమూ తక్కువేం కాదు. నాన్నకు డయాలసిస్ జరిగిన ప్రతిసారీ గొట్టాల్లో, ఫిల్టర్లో కొంత ఉండిపోతుంది. పరీక్షలకు తీసేది వేరే. ఫాస్ఫరస్ తగ్గించే కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర కలిపి వేస్తున్నారేమో కనుక్కో, మొదటిది రెండోదాన్ని ఒంటబట్టనివ్వదు.

మునగాకులో, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, మోతాదు మించితే గుండెకే ముప్పు. పెరడంతా కొబ్బరిచెట్లున్న ఊళ్లో ఈ మాట ఎవరికీ రుచించదు, నువ్వే గట్టిగా చెప్పాలి. రక్తం ఎక్కించెయ్యమనీ తొందరపడకు. రేపు కిడ్నీ మార్పిడికి జోడీ దొరకడం కష్టమవుతుంది.

పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ ఆస్పత్రికి ఈసారి వెళ్లినప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పట్టుకెళ్లు. నాకు మాత్రం ఫోన్లో ఫొటోలు పంపకు, కళ్లు ఆనడం లేదు. అంకెలు కాగితం మీద పెద్దగా రాసి పోస్టు చెయ్యి.

మీ తాతయ్య