అంతర్జాలం – ఛాత్రోపాధ్యాయుడు

విద్యను గురుముఖతః నేర్వాలని పెద్దలంటారు. ఆ గురువు చేతికి నేడు అంతర్జాలమనే కొత్త సాధనం వచ్చింది. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, జాతీయ స్థాయిలో ‘దీక్ష’ వేదిక ప్రారంభమైంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను సెల్‌ఫోన్‌తో స్కాన్ చేస్తే సంబంధిత దృశ్యపాఠం తెరపైకి వస్తుంది.

విశాఖపట్నంలోని మల్కాపురంలో బోధనాభ్యాసం చేసే ఛాత్రోపాధ్యాయుడు నౌకానిర్మాణాన్ని గురించి పాఠం చెప్పవలసి వచ్చిందనుకొందాం. సమీపంలోని నౌకానిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారనీ, అక్కడ నిర్మించిన ‘జల ఉష’ నౌకకు 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారనీ అంతర్జాలం క్షణాలలో తెలుపుతుంది. అదే సంగతి వాట్సాప్‌లో తేదీ మారి రావచ్చు. మరొక ఆధారంతో సరిచూడనిదే దానిని తరగతిలో చెప్పరాదు. ఉపాధ్యాయుని నోట వెలువడిన తప్పు విద్యార్థులందరి పుస్తకాలకూ ఎక్కుతుంది.

సాధనం అందరికీ అందడం మరొక సమస్య. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు ఫోను లేని పిల్లలు ఆన్‌లైన్ పాఠాలకు దూరమయ్యారు. అందువల్ల ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా కూడా పాఠాలు ప్రసారం చేశారు. కాబట్టి వాట్సాప్ సమూహంలో పంపిన పాఠాన్ని నల్లబల్లపై కూడా వ్రాయాలి. ఓడల పనిలో ఆరితేరిన పెద్దలు ఆ పరిసరాలలో ఉంటే వారిని తరగతికి పిలిపించి మాట్లాడించాలి. తెర చూపలేని అనుభవం వారి మాటలలో ఉంటుంది.